సీమకెళ్లిన పందికొక్కు

ఇంగ్లీషువాళ్లకు మనమిచ్చిన మాటలు లెక్కపెట్టబోతే తెలుగువాడికి కాస్త చిన్నతనంగానే ఉంటుంది. తమిళులు కట్టుమరం ఇచ్చారు, ముళగుతణ్ణి ఇచ్చారు. మలయాళులు టేకు ఇచ్చారు. హిందీవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, బంగళా నుంచి షాంపూ దాకా వాళ్లవే. ముంగిస మనదేనని వాదించవచ్చు గానీ అందులో మరాఠీవాళ్లతో పేచీ ఉంది. పేచీ లేకుండా మన వాటాకొచ్చింది పందికొక్కు. 1886లో యూల్, బర్నెల్ అచ్చువేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు, 'బాండికూట్' అనేది తెలుగు పందికొక్కు చెడి వచ్చిన రూపమేనని తేల్చేసింది.

చెడిన తీరు కూడా సరదాగా ఉంటుంది. 'పెన్' అనేటప్పుడు ఇంగ్లీషువాడు పెదవుల మీంచి ఓ విసురు గాలి వదులుతాడు. మన 'ప'లో ఆ గాలి లేదు కాబట్టి అది వాడి చెవిన 'బ' లాగే పడుతుంది. అలా పంది కాస్తా బాండి అయింది. ఇక కొక్కు అంటారా, వాళ్లకు 'కూట్' అనే నీటిపిట్ట ఒకటుంది. తెలిసిన పేరు కదా అని నాలుక అటు మళ్లి ఉంటుందని నా ఊహ.

పేరు పెట్టిన తెలుగువాడెవడో గానీ జంతువును దగ్గరగా చూసినవాడే. కోపం వస్తే వీపు మీది బిరుసు వెంట్రుకలు నిక్కబొడుచుకుని అచ్చం పందిలా గుర్రుమంటుంది. వీటిలో పెద్దరకం కిలో దాకా తూగుతుంది. డెల్టా పొలాలను గుల్ల చేసేది మాత్రం చిన్నరకం. గట్టు కింద బొరియలో కాపురం పెట్టి, రాత్రిళ్లు వరి వెన్నులు కొరికి లోపలికి లాక్కెళ్లి అరల్లో పేర్చుకుంటుంది. యానాదులు చిల్లికుండలో గడ్డి రాజేసి ఆ పొగను బొరియలోకి ఊదేవారు. కొక్కు చిక్కేది, తవ్వితే దాని గాదె కూడా దక్కేది. "పందికొక్కుల్లా మేశారు" అన్న తిట్టు ఆ గాదెను కళ్లారా చూసినవాళ్ల నోటే పుట్టి ఉండాలి. తిన్నందుకంటే దాచుకున్నందుకే మనకు మంట. వినాయకుణ్ణి కొక్కురౌతు అన్నచోట మాత్రం దానికి కాస్త మర్యాద దక్కింది.

పద్దెనిమిదో శతాబ్దం చివర ఆస్ట్రేలియాలో దిగిన తెల్లవాళ్లకు పొడుగు మూతితో నేల తవ్వే జీవి ఒకటి కనబడింది. ఇండియా నుంచి తెచ్చుకున్న పేరు సిద్ధంగా ఉంది, తగిలించేశారు. చుట్టరికం మాత్రం ఏమీ లేదు. మనది ఎలుక, అది కంగారూలా పిల్లల్ని సంచిలో మోసే జాతి. ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, లేకపోతే తల్లి తవ్విన మట్టంతా పిల్లల మీదే పడేది. మొక్క పైకి చెక్కుచెదరకుండా కిందనుంచి బంగాళాదుంపలు మాత్రం తవ్వుకుపోవడాన్ని ఆస్ట్రేలియన్లు 'బాండికూట్ చెయ్యడం' అంటారు. తోటవాడు పొద్దున్నే చూస్తే ఆకులన్నీ పచ్చగానే ఉంటాయి, దుంపలే ఉండవు. మన తిట్టుకు ఇంత దగ్గరి అర్థం తెలుగు ముక్క రానివాళ్ల నోట పుట్టడం నాకు భలే ముచ్చటేస్తుంది.

అయితే అక్కడ దాని మీద జాలి కూడా ఉంది. దిక్కూమొక్కూ లేనివాణ్ణి 'కాలిన గుట్ట మీది బాండికూట్‌'తో పోలుస్తారు. బయటి నుంచి తెచ్చిన నక్కలు, పిల్లులు దాన్ని నిజంగానే ఆ గతికి తెచ్చాయి. విక్టోరియా రాష్ట్రంలో చారల బాండికూట్ ఆరుబయట ఇక లేదని ఒకప్పుడు తేల్చేశారు. కంచెలు కట్టి, దీవుల్లో వదిలి పెంచాక, 2021లో దాన్ని 'ప్రమాదంలో ఉన్న' జీవుల జాబితాకు మార్చారు. అదీ ప్రమోషనే.

ఆ చారల జీవే 1996లో వచ్చిన 'క్రాష్ బాండికూట్' వీడియో గేమ్‌కు హీరో. మా అక్క కొడుకు ఆడుతుంటే "అది మన పందికొక్కు పేరేరా" అన్నాను. "పో మామయ్యా, ఇది ఆస్ట్రేలియాది" అని ఆట ఆపకుండానే కొట్టిపారేశాడు. వాడన్నదీ నిజమే మరి.

2018లో పేరు మళ్లీ మన దక్షిణాదికే వచ్చింది. కేరళలో ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్లు పెట్టిన జెన్‌రోబోటిక్స్ సంస్థ, మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబోకు బాండికూట్ అని పేరు పెట్టింది. మనిషికి బదులు కాళ్లున్న ఆ యంత్రమే లోపలికి దిగుతుంది. పైనున్నవాడు కెమెరాలో చూస్తూ చెత్త ఎత్తిపోయిస్తాడు. ఊపిరాడక మనుషులు చచ్చిపోయే ఆ గుంతలోకి దిగే యంత్రానికి ఇంతకన్నా నప్పే పేరు లేదు. తెలుగులో రాసేవాళ్లు మాత్రం దాన్ని 'బాండికూట్' అనే ఉంచేస్తేనే క్షేమం. మున్సిపాలిటీ వార్తలో పందికొక్కు అన్న మాట కనబడితే మన పాఠకుడికి రోబో గుర్తురాదు, కాంట్రాక్టు బిల్లులు గుర్తొస్తాయి.