వెంటూ కొండ మీద నీళ్ళసీసాలు

దక్షిణ ఫ్రాన్సులో ప్రొవాన్సు ద్రాక్షతోటల మీదుగా చూస్తే వెంటూ కొండ శిఖరం నడివేసవిలోనూ మంచు కప్పినట్టు తెల్లగా మెరుస్తుంది. మంచు కాదది, ఉత్త సున్నపురాయి! బెదువాఁ గ్రామం నుంచి పైకి సుమారు 21 కిలోమీటర్లు. అడవి దాటితే ఇక నీడన్నది లేదు.

శిఖరం కిలోమీటరున్నర ఉందనగా రోడ్డు పక్కన ఒక స్మారకశిల. దాని దగ్గర నీళ్ళసీసాలు, టోపీలు. సైకిళ్ళమీద వచ్చినవారు వదిలిపోయేవి. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో 1967 జూలై 13న ఇంగ్లీషు వీరుడు టామ్ సింప్సన్ కూలిపోయిన చోటిది. వయస్సు 29.

ఆయన బొగ్గుగని కార్మికుని కొడుకు. 1965లో ప్రపంచ విజేత. ఆ మరుసటి ఏడే కాలు విరిగి, ఆ బిరుదుమీద రావలసిన రాబడి చాలావరకు పోయింది. ఆ రోజుల్లో ఈ వృత్తిలో అసలు డబ్బు పెద్ద పందెంలో లేదు, అది ముగిశాక ఊరూరా జరిగే చిన్న పందాల్లో ఉంది. మన ఊళ్ళలో పేరుమోసిన పద్యనటుణ్ణి కాంట్రాక్టు నాటకానికి పిలిచినట్టే, టూర్‌లో పేరు తెచ్చుకున్నవాణ్ణి ఇంత అని మాట్లాడుకుని పిలుస్తారు. స్థానం దిగితే ధరా దిగుతుంది. అందుకే కడుపు చెడినా సింప్సన్ పందెం మానలేదు.

ఒకసారి పడ్డాడు. మళ్ళీ సైకిలెక్కి కొంతదూరం పోయాడు. ఆ తర్వాత లేవలేదు. ఒంట్లో ఆంఫెటమిన్, మద్యం ఉన్నట్టు పరీక్షలో తేలింది. మందు పుచ్చుకున్న తప్పు ఆయనదే. కాని ఆ ఎండలో దారిపొడుగునా కావలసినన్ని నీళ్ళందుకోవడానికి కూడా అప్పటి నిబంధనలు ఒప్పుకొనేవి కావు!

పందెం 2025లోనూ ఈ కొండ ఎక్కింది.

ఆనాడు సింప్సన్ కూతుళ్ళిద్దరూ పసివాళ్ళు. ముప్ఫై ఏళ్ళకు, 1997లో, వాళ్ళు ఆ శిల దగ్గర తండ్రి పేర మరో చిన్న ఫలకం పెట్టించారు.