ఇద్దరం... రెండు సంచులు... ఒక భూగోళం!

సినిమాల్లో హీరో హీరోయిన్లకున్న సుఖం లోకంలో ఇంకెవరికీ లేదండీ! పల్లవి ఊటీలో అందుకుంటారు, చరణం వచ్చేసరికి స్విట్జర్లాండ్ మంచుకొండల మీద తేలతారు. వీసా అడిగేవాడు లేడు, పెట్టెలు మోసే పని లేదు, పైగా ఆ చలిలో హీరోయిన్ చీర మడత కూడా నలగదు!

మావారికీ నాకూ అంత అదృష్టం పట్టలేదు. టూరిస్టు కంపెనీ జెండా వెనకాల నడవకుండా, టిక్కెట్లు మేమే కొనుక్కుని, దారులు మేమే వెతుక్కుని, భూమిని తూర్పుగా ఒక చుట్టు చుట్టి వచ్చాం. హైదరాబాదు నుంచి సింగపూర్, వియత్నాం, జపాన్, అమెరికా, ఇటలీ, స్విట్జర్లాండ్... మళ్ళీ హైదరాబాదు.

మేం కోటీశ్వరులమేం కాదు. ఇద్దరం ఉద్యోగస్తులం. పెళ్ళయిన దగ్గర్నుంచీ స్థలం కోసమని ఆరేళ్ళు దాచిన డబ్బు అది. దానికి జీతం లేని మూడు నెలల సెలవు తోడు. సంగతి తెలిసి మా అత్తగారు, "భూమి కొనుక్కోండర్రా అంటే భూమి చుట్టూ తిరిగొస్తామంటారేమిటే!" అని నెత్తి కొట్టుకున్నారు.

ముందు వీసా... తర్వాతే విమానం

చౌకగా దొరికింది కదాని ముందు టిక్కెట్టు కొనేయకండి. మన పాస్‌పోర్టుకి వీసాలే అసలు కథ, మిగతాదంతా ఉపకథ. అమెరికాలో దిగి చూసే ఉద్దేశం లేకపోయినా, అక్కడ విమానం మారాలన్నా వీసా కావలసిందే. అంచేత ముందు దాని సంగతి తేల్చుకోవాలి. వియత్నాం వీసా ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో తెచ్చుకోవచ్చు.

ఐరోపాలో ఒక సదుపాయం ఉంది. షెంగెన్ వీసా ఒక్కటుంటే 29 దేశాలు తిరగొచ్చు, ఇటలీ, స్విట్జర్లాండ్ రెండూ అందులోవే. ఎక్కువ రోజులుండే దేశానికే దరఖాస్తు పెట్టాలి. 180 రోజుల్లో 90 రోజులు మించి ఉండకూడదు. 30,000 యూరోలకు తగ్గకుండా వైద్య బీమా చూపించాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు తీసుకుంటారు. ఆఖరి వారం దాకా ఆగితే మాత్రం సినిమా ఇంటర్వెల్‌కే అయిపోతుంది!

ఒకరోజు ఆయన రాజ్యం... ఒకరోజు నా రాజ్యం

మావారికి సినిమా పిచ్చి. 1979లో వచ్చిన 'అందమైన అనుభవం' సింగపూర్లో తీశారు కదా, కమల్‌హాసన్, రజనీకాంత్ తిరిగిన ఊరు చూడాలని ఆయన తాపత్రయం. నాకేమో అక్కడి హాకర్ సెంటర్లో తీరిగ్గా కూర్చుని తినాలని కోరిక. చవగ్గా వేడివేడిగా వండిపెట్టే ఆ తిండి కొట్ల సంస్కృతిని 2020లో యునెస్కో తన జాబితాలోకి ఎక్కించింది మరి! మూడోరోజుకి ఇద్దరికీ మాటల్లేవు.

ఆ రాత్రే రాజీ కుదిరింది. ఒకరోజు ఆయన చెప్పినట్టు నేను, మర్నాడు నేను చెప్పినట్టు ఆయన. రాజ్యం ఎవరిదైతే దారి వెతకడం, డబ్బు లెక్క, భోజనం అన్నీ వారివే. రెండోవారు సణగకూడదు! ఈ ఒక్క నియమంతో మిగతా ప్రయాణమంతా హాయిగా నడిచింది.

రోమ్ నగరంలో ఆయన రాజ్యం నాడు 'రోమన్ హాలిడే' (1953) సినిమాలో చూపిన రాతి ముఖం దగ్గరికి వెళ్ళాం. అబద్ధం చెప్పినవాళ్ళు దాని నోట్లో చెయ్యి పెడితే కొరికేస్తుందట. ఆయన చెయ్యి పెట్టగానే, "ఏవండీ, మీ అమ్మ వంట ఇష్టమా, నా వంట ఇష్టమా?" అన్నాను. చటుక్కున చెయ్యి లాగేసుకున్నారు!

స్విట్జర్లాండ్ వెళ్ళాక ఇంటర్‌లాకెన్లో, 2016లో పెట్టిన యశ్ చోప్రా విగ్రహానికి ఆయన దణ్ణం పెట్టుకున్నారు. 3,454 మీటర్ల ఎత్తున ఉండే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషన్‌కి రైలెక్కితే టిక్కెట్టు ధరకే కళ్ళు తిరిగాయి. మర్నాడు నా రాజ్యం. సరస్సు ఒడ్డున రొట్టె తింటూ పైసా ఖర్చు లేకుండా కూర్చున్నాం. ఇప్పటికీ ఆ రెండో రోజునే ఇద్దరం ఎక్కువగా తలుచుకుంటాం.

తలుపులు మూసుకుపోయాయి!

వెనక్కి టోక్యోకి వెళదాం. అసలు విషయం అక్కడుంది. ఊరి నడుమ గుండ్రంగా తిరిగే యమనోటె రైలు మార్గం ఒకటుంది. 30 స్టేషన్లు, ఒక చుట్టుకి సుమారు గంట. ఓ సాయంత్రం షింజుకు స్టేషన్లో రైలెక్కాం. ఎక్కాం అంటున్నాను గానీ, ఎక్కింది నేనొక్కదాన్నే! జనంతో పాటు నేను లోపలికి పోయాను, తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల మావారు చెయ్యెత్తి ఏదో అంటున్నారు. రైలు కదిలిపోయింది.

నా ఫోను పొద్దుటినుంచీ ఫోటోలు తీసి తీసి ఎప్పుడో కన్ను మూసింది. అయితే బయల్దేరే ముందే మేమొక ఒప్పందం చేసుకున్నాం. విడిపోతే ముందు వెళ్ళినవాళ్ళు తర్వాతి స్టేషన్లో దిగి కదలకుండా నిలబడాలి. వెనకబడ్డవాళ్ళు తర్వాతి రైల్లో రావాలి. యొయొగిలో దిగి నిలబడ్డాను.

ఒక రైలు వచ్చింది. ఆయన లేరు. ఇంకొకటి... లేరు. గొంతు తడారిపోయింది. అప్పుడు నా దగ్గరేమున్నాయో చూసుకున్నాను. నా పాస్‌పోర్టు నా నడుం సంచిలోనే ఉంది. నా యెన్‌లు నా దగ్గరున్నాయి. రైలెక్కడానికి నా సుయికా కార్డు నాకుంది. హోటలు పేరూ చిరునామా జపాన్ లిపిలో రాసిన చీటీ ఉంది. ఆయన రాకపోయినా నేను గది చేరగలను. ఆ మాట పైకే అనుకున్నాను, తెలుగులో! పక్కనున్న పెద్దావిడ నాకేసి చూసి చిన్నగా తల వంచింది.

మూడో రైల్లో దిగారు, మొహం పాలిపోయి. "భయపడ్డావా?" అన్నారు. "పడ్డానండీ, ఒక్కరూ ఎలా వస్తారోనని!" అన్నాను.

చాలామంది దంపతుల ప్రయాణాల్లో రెండు పాస్‌పోర్టులూ భర్త జేబులోనే ఉంటాయి. డబ్బు ఆయన దగ్గరే, దారి ఆయనకే తెలుసు. భార్య మరో సామాను! అలాంటప్పుడు ఒక్క తలుపు మూసుకుంటే చాలు, ఇద్దరూ తప్పిపోయినట్టే. ఇద్దరు వెళితే ఇద్దరూ ప్రయాణికులు కావాలి. ఇన్ని దేశాల్లో నేను కొనుక్కొచ్చిన సరుకు ఈ ఒక్క మాటే.

చిన్న చిన్న చిట్కాలు

కార్డుతో డబ్బు కట్టేటప్పుడు "రూపాయల్లోనా, ఇక్కడి డబ్బులోనా?" అని అడుగుతారు. ఎప్పుడూ అక్కడి డబ్బే అనండి, రూపాయలంటే మారకంలో చేతి చమురు వదులుతుంది. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. రోమ్ వీధి కుళాయిల్లో మంచినీళ్ళు ఊరికే పట్టుకోవచ్చు. ఐరోపాకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు గనక పాలకోవా ఆశ వదులుకోండి. కారప్పొడి మాత్రం మరవకండి సుమా!

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ప్రపంచం దాకా ఇప్పుడే అక్కర్లేదు. ముందు అరకుకో, హంపీకో మీరే టిక్కెట్లు కొనుక్కుని వెళ్ళండి. ఒకరోజు ఒకరి రాజ్యం, మర్నాడు రెండోవారి రాజ్యం. పర్సులు వేరువేరుగా పెట్టుకోండి, దారి ఇద్దరూ నేర్చుకోండి. నాలుగు రోజులు గడిచాక కూడా ఇంకా మాట్లాడుకుంటున్నారా? అయితే పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టేయండి... ఇద్దరూ!