ఎత్తకు, గుంజు

మా మేనమామ కొరమీనును కప్పతో పట్టేవాడు. పొన్నూరు దగ్గర మా ఊరి పక్కనుంచి కొమ్మమూరు కాలువ పోతుంది. దాని పిల్లకాలువల్లో తూటికాడ అల్లుకున్న చోటు చూసుకుని, గాలానికి కప్పను గుచ్చి, ఆకుల అంచున అది గెంతుతున్నట్టు ఆడిస్తూ పోయేవాడు. పిల్లలం మాకు అంత భాగ్యం లేదు. వెదురుకర్ర, వానపాము, జీలుగుబెండు. బెండు మునిగిందా, కర్ర ఎత్తు. అంతే శాస్త్రం. ఎత్తితే పరిగో జెల్లో గాల్లో ఊగుతూ వచ్చి వెనక గడ్డిలో పడేది.

పదేళ్లప్పుడు చేతికి పట్టిన ఆ ఎత్తుడు, నలభై రెండేళ్ల వయసులో, అర్కాన్సా రాష్ట్రంలో వైట్ రివర్ మధ్యన నిలబడి ఉండగా నన్ను మూడుసార్లు నట్టేట ముంచింది.

నేను బెంటన్‌విల్‌కి వచ్చింది 2016లో. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కాబట్టి అక్కడ తెలుగువాళ్లకి కొదవలేదు. శనివారం వచ్చిందంటే ఎవరో ఒకరింట్లో పుట్టినరోజో, సత్యనారాయణ వ్రతమో. నా పక్కింట్లో మాత్రం రిటైరైన లారీ డ్రైవరు ఒకాయన ఒంటరిగా ఉండేవాడు. గరాజ్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. ఒకనాటి సాయంత్రం చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టి వస్తూ లోపలికి తొంగిచూశాను. బల్లమీద దీపం, దీపం కింద చిన్న పట్టకారు, పట్టకారు నోట్లో గాలపు కొక్కెం. ఆయన దానికి ఈక చుడుతున్నాడు. పక్కన పారదర్శకపు సంచిలో కోడి మెడ తోలు, ఈకలతో సహా. సంచిమీద చీటీ: ఇండియన్ నెక్.

నాకు నవ్వాగలేదు. మా మేనమామకి చేపలు రెండో పిచ్చి, కోడిపుంజులు మొదటిది. పుంజు మెడమీది ఈకలు నిక్కబొడుచుకోవడం చూసి పందెం కాసే మనిషి. ఆ ఈకలు ఇంత దూరం వచ్చి ఈయన బల్లమీద దారానికి చుట్టుకుంటున్నాయి. ఆ సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, "అయితే నీకు చేపలు పట్టడం తెలుసన్నమాట" అన్నాడు. తెలుసన్నాను. తర్వాత రెండు చలికాలాలు ఆ మాటకి మూల్యం చెల్లించాను.

ఫ్లై ఫిషింగ్ అంటే పేరుకి ఈగ. పురుగును పోలిన ఈకల ముద్దను నీటిమీద వాల్చి, చేపను పైకి రప్పించడం. ఎరకు బరువుండదు, బరువంతా తాడుదే. కొరడాలా విసిరేది తాడును, దాని కొసన ఎర ఊరికే వెంట వెళుతుంది. సినిమాల్లో కనబడే అందమంతా అదే. పెద్దాయనకు ఆ అందం పట్టదు. ఆయనది స్ట్రీమర్ వ్యవహారం. స్ట్రీమర్ పురుగు కాదు, చేపపిల్ల. వేలెడంత నుంచి జానెడంత దాకా ఉంటుంది. ట్రౌట్ చేప పెద్దదయ్యేకొద్దీ పురుగులతో కడుపు నిండదు, పక్క చేపల మీద పడుతుంది, అందులోనూ బ్రౌన్ ట్రౌట్ సొంత జాతి పిల్లలనైనా వదలదు. కాబట్టి పెద్ద చేప కావాలంటే పెద్ద ముద్ద చూపించాలి. ఇదీ ఆయన సిద్ధాంతం. కెల్లీ గాలప్, బాబ్ లిన్సెన్‌మన్ కలిసి 1999లో రాసిన స్ట్రీమర్ల పుస్తకం ఒకటి నాకు చదవమని ఇచ్చాడు. ప్రతి పేజీ మీదా జిగురు మరకలే.

ఈ సిద్ధాంతానికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. 1992లో రిప్ కాలిన్స్ అనే ఆయన అర్కాన్సాలోనే లిటిల్ రెడ్ రివర్‌లో 40 పౌండ్ల 4 ఔన్సుల బ్రౌన్ ట్రౌట్‌ను పట్టాడు. పద్దెనిమిది కిలోల పైమాట. ఎర ఏమిటంటే, చిటికెన వేలి గోరంత జిగ్. ఈ సంగతి ఎత్తినప్పుడల్లా పెద్దాయన మాట మార్చేవాడు.

మొదటి చలికాలమంతా గరాజ్‌లోనూ పెరట్లోనూ గడిచింది. నేను కట్టడం నేర్చుకున్న మొదటి స్ట్రీమర్ ఊలీ బగ్గర్. పెన్సిల్వేనియాకు చెందిన రసెల్ బ్లెస్సింగ్ 1967లో తయారుచేసిన నమూనా. తోకకు మారబూ అనే మెత్తటి నూగు ఈక, ఒంటికి బొచ్చుదారం, దాని చుట్టూ మెలికలు తిరుగుతూ పుంజు మెడ ఈక. పొడిగా ఉన్నప్పుడు చూస్తే సీసాలు కడిగే బ్రష్షుకు తెగులొచ్చినట్టుంటుంది. నీళ్లగ్లాసులో వేసి కదిపితే తోక ఊపిరి పోసుకుంటుంది. నేను కట్టినవి మొదట్లో బ్రష్షుగానే మిగిలిపోయేవి. ఈక ఎక్కువ చుడుతున్నానట. "కోడిని చేస్తున్నావు. చేపను చెయ్యి" అనేవాడు.

రెండో చలికాలం, ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున, 62వ నంబరు రోడ్డెక్కి తూర్పుకు బయలుదేరాం. యురేకా స్ప్రింగ్స్ మలుపులు దాటి, హారిసన్ దాటి, రెండున్నర గంటల్లో కాటర్ చేరాం. ఊరి మొగదల వైట్ రివర్ మీద 1930లో కట్టిన ఐదు కమాన్ల కాంక్రీటు వంతెన. కింద నది లేతాకుపచ్చగా, అడుగు రాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉంది.

ఈ నది ట్రౌట్‌ది కాదు. ఎగువన బుల్ షోల్స్ ఆనకట్ట 1951లో పూర్తయింది. జలాశయం అడుగునుంచి వదిలే నీళ్లు నడివేసవిలోనూ చల్లగా వణికిస్తాయి. ఆ చలికి ఇక్కడి బాస్ చేపలు నిలవలేకపోయాయి. వాటి బదులు ట్రౌట్ పిల్లల్ని పెంచి వదిలారు. బ్రౌన్ ట్రౌట్ అయితే అమెరికాదే కాదు, 1883లో జర్మనీనుంచి గుడ్లరూపంలో ఓడెక్కి వచ్చింది. నది కాని నదిలో, దేశం కాని చేపను, మన కోడి ఈకతో నేను పట్టబోతున్నానని తలుచుకుంటే కొంచెం ధైర్యం వచ్చింది. అందరం వలసొచ్చినవాళ్లమే.

ఆనకట్టకు ఎనిమిది టర్బైన్లు. కరెంటు అవసరమైనప్పుడు తిప్పుతారు, అప్పుడు నీళ్లు వస్తాయి. ఎగువన వదిలిన నీరు కాటర్ దగ్గరికి రావడానికి గంటలు పడుతుంది, కానీ వచ్చిందంటే మోకాలి లోతు నడుము దాకా పోవడానికి ఎంతోసేపు పట్టదు. పెద్దాయన ఒడ్డు దిగగానే చేసిన మొదటి పని గాలం విప్పడం కాదు. నీటి అంచున ఒక తెల్లరాయి పెట్టాడు. "ఇది మునిగితే, నీ గాలానికి తిమింగలం తగిలున్నా సరే, ఒడ్డెక్కెయ్."

నాది తొమ్మిదడుగుల ఏడో నంబరు కర్ర. తాడు కొస పది అడుగులు మునిగే రకం. ఇక్కడే నా మొదటి తెలివితక్కువతనం. ట్రౌట్‌కి కళ్లెక్కువ అని ఎక్కడో చదివి, తాడుకీ ఎరకీ మధ్య సన్నతీగ తొమ్మిదడుగులు కట్టుకొచ్చాను. పెద్దాయన చూసి, మాట్లాడకుండా కత్తెర తీసి నాలుగడుగులు ఉంచి మిగతాది కోసేశాడు. తాడు అడుక్కి పోతుంటే ఎర పైపైన తేలితే ఏం లాభం? పారిపోతున్నదాన్ని పట్టేవాడికి దారం చూసే తీరికుండదు. ముడి కూడా విప్పించి, ఎర ఇటూ అటూ తలాడించేలా వదులు ఉచ్చుముడి వేయించాడు. ఎర తెల్ల ఊలీ బగ్గర్. చలికాలంలో నీళ్లు మరీ చల్లబడితే జలాశయంలోని షాడ్ చేపలు చచ్చి టర్బైన్ల గుండా నదిలోకి వస్తాయట, అందుకని ఆ నెలల్లో ఇక్కడివాళ్లు తెలుపే వాడతారు.

మొదటి అరగంట గురించి ఎక్కువ చెప్పను. విసిరిన ఎర ఒకసారి నా టోపీకి, ఒకసారి ఆయన భుజానికి తగిలింది. మూడోసారి వెనక చెట్టెక్కింది, అది ఇప్పటికీ అక్కడే ఉండుంటుంది.

తర్వాత విసురు కాస్త కుదిరింది. ఎగువకు విసిరి, ప్రవాహంతోపాటు నా వైపు లాక్కుంటున్నాను. ఆయన పది గజాల అవతలనుంచి, "నీ చేపపిల్లకి చావాలనుందా?" అని అరిచాడు. పెద్ద చేప తల ఎగువకు పెట్టి పొంచి ఉంటుంది. చిన్న చేప ఏదీ తనంత తాను దాని నోటికేసి ఈదదు. అడ్డంగా అవతలి ఒడ్డుకు కొట్టాలి, చెట్టు దుంగ పక్కన పడాలి, పడగానే ఒడ్డువదిలి లోతుకు పరుగెత్తాలి. ఎడంచేత్తో తాడు గుంజుతూ పోవాలి. ఒక గుంజు, రెండు గుంజులు, ఆగు. ఆగినప్పుడు తోక విప్పుకుంటుంది, దెబ్బతిన్నదానిలా జారుతుంది. మళ్లీ గుంజు. ఇదంతా వింటుంటే నాకు తూటికాడ అంచున గెంతే కప్ప కనబడింది. మామయ్య కప్పను ఆపేచోటే కొరమీను లేచేది.

నాలుగో విసురుకో ఐదోదానికో, గోధుమరంగు నీడ ఒకటి దుంగ కిందినుంచి విడివడి నా ఎర వెనకే వచ్చింది. నా కాళ్లదాకా వచ్చింది. నేను చూస్తూ చేతులాపేశాను. అదీ ఆగి, తిరిగి, వెళ్లిపోయింది. "పారిపోయేది ఆగి నిన్ను చూస్తే నువ్వు తింటావా?" అన్నాడు. నిజమే, ఆ క్షణంలో ఇంకా జోరుగా గుంజాలి. కానీ అంతసేపు వెంటాడి వచ్చిన చేపను చూస్తూ చేతులు ఆడించడం తేలిక కాదు.

తర్వాత గంటలో మూడు చేపలు కొట్టాయి. కొట్టడమంటే బెండు మునగడం కాదు. మోచేతిదాకా అదురు. మూడుసార్లూ నా చెయ్యి నన్నడక్కుండా కర్రను ఆకాశానికి ఎత్తేసింది. మూడుసార్లూ ఎర నీళ్లలోంచి ఎగిరొచ్చి వెనక గడ్డిలో పడింది, పరిగె లేకుండా.

మూడోదాని తర్వాత పెద్దాయన నీళ్లలోనే నడిచొచ్చి పక్కన నిలబడ్డాడు. కర్ర కొసను పట్టుకుని నీటికి ఆనించి, "ఇది ఇక్కడే. లేస్తే విరిచేస్తాను" అన్నాడు. ట్రౌట్ చాలాసార్లు ముందు గుద్దుతుంది, ఆ తర్వాతే మింగుతుంది. గుద్దినప్పుడే కర్ర ఎత్తితే ఎర దాని లోకం దాటి పైకొచ్చేస్తుంది, ఇక ఆ చేపతో పని అయిపోయింది. అదే కర్ర కిందే ఉంచి తాడు మాత్రం బలంగా గుంజితే, తగిలితే కొక్కెం దిగుతుంది, తగలకపోతే ఎర అడుగు ముందుకు తప్పించుకున్నట్టవుతుంది. ఇంకా దాని కళ్లముందే ఉంటుంది. మళ్లీ మీద పడుతుంది. "ఎత్తకు. గుంజు."

అప్పుడు గుర్తొచ్చింది. మామయ్య కప్ప మాయమైన చోట నీళ్లు సుడి తిరుగుతుంటే నేను గట్టుమీద గెంతి ఎత్తు, ఎత్తు అని అరిచేవాణ్ని. ఆయన నా నోరు మూసి, తాడు వేలిమీద ఆనించుకుని, కొంచెం ఆగి, అడ్డంగా ఒక్క గుంజు గుంజేవాడు. ఎత్తడం ఎప్పుడూ చూడలేదు నేను. గుంజడం చూశాను గానీ నేర్చుకోలేదు.

మరో అరగంటకు దుంగ దగ్గరే మళ్లీ అదురు. భుజం లేవబోయింది. పళ్లు బిగబట్టి ఎడంచెయ్యి తుంటి వెనక్కి గుంజాను. తాడు బిగిసి రాయిలా ఆగింది. ఆ రాయి తల విదిలించింది.

ఎంతసేపు పట్టిందో చెప్పలేను. వలలోకి వచ్చాక చూస్తే పద్దెనిమిది అంగుళాల బ్రౌన్ ట్రౌట్. కాచిన నెయ్యిలో పసుపు కలిపిన రంగు. ఒంటినిండా నల్లచుక్కలు, నడుమ నడుమ కుంకుమబొట్లు, బొట్టు బొట్టు చుట్టూ గంధం పూసినట్టు తెల్లటి అంచు. పైదవడలో నా తెల్ల ఊలీ బగ్గర్. నీళ్లలోంచి తియ్యకుండానే కొక్కెం ఊడదీసి, ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి పట్టుకున్నాను. చేతులు కొయ్యబారిపోయాయి. అది కాసేపు ఊపిరి పీల్చుకుని, ఒక్క విదిలింపుతో నా మొహం తడిపి పోయింది.

తల ఎత్తేసరికి పెద్దాయన ఒడ్డునుంచి రెండు చేతులూ ఊపుతున్నాడు. తెల్లరాయి కనబడలేదు. నీటిమీద ఎండుటాకులు, పుల్లలు బారులుగా వస్తున్నాయి. దిగినప్పుడు మోకాలి లోతున్న చోట తొడల దాకా ఉంది. ఒక్కో అడుగూ వెతుక్కుంటూ, కర్ర ఊతగా, ఒడ్డెక్కేసరికి కాళ్లు వణుకుతున్నాయి. చలికో భయానికో తెలీదు. ఆయన ఏమీ అనలేదు. థర్మాస్ మూతలో కాఫీ పోసి ఇచ్చాడు.

వచ్చేదారిలో హారిసన్ దగ్గర పెట్రోలు బంకులో ఆగినప్పుడు మామయ్యకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారింది. పుంజులకు మేత వేస్తున్నట్టున్నాడు, అరుపులు వినబడుతున్నాయి.

"ఎన్ని కిలోలుందిరా?"

"కిలో ఉంటుంది మామయ్యా. తూచలేదు. వదిలేశాను."

అటువైపు చాలాసేపు పుంజులే మాట్లాడాయి.

"వదిలేశావా? పట్టి?"

"ఆఁ."

"సరే, మీ దేశాచారం. ఎరేంటి?"

"కోడి ఈక. పుంజు మెడది. మన దేశంనుంచే వస్తుంది ఇక్కడికి."

ఈసారి గొంతు మారింది. "ఏ పుంజు? డేగా, కాకా?"

పెట్టె తెరిచి దీపం కింద పెట్టి చూశాను. తడిసి, నలిగి, ఒక పక్క ఊడిపోయింది గానీ, తెల్లరంగు పోలేదు.

"సేతువ మామయ్యా."

"నేను చెప్పలా," అన్నాడు.