చుట్టుదారే దగ్గర

పూర్వం గోదావరి మీద పడవ నడిపేవాళ్ళను ఏ ఊరు ఎంత దూరమని అడిగితే మైళ్ళలో చెప్పేవాళ్ళు కారు. "ఏటివాలున పోతే ఒక పూట, ఎదురైతే రెండు పూటలు," అనేవాళ్ళు. ఆకాశంలో కూడా ఇదే లెక్క అని నాకు 2016 డిసెంబరులో తెలిసింది.

ఆ నెలలో నేను మా అమ్మాయి పురిటికి ఢిల్లీ నుంచి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాను. నేను విమానం ఎక్కబోతూండగా, అనుకున్నదానికన్న ముందే నొప్పులు మొదలైనట్టు కబురు వచ్చింది. వేళకు అందుకుంటానో లేదో అని నా ఆరాటం.

సీటు ముందున్న చిన్న తెరమీద విమానం పోయే దారి కనిపిస్తుంది. అమెరికా మనకు పడమర అంటారు గదా, మా విమానం తూర్పుకు పోతున్నది! విమానంలో పనిచేసే అమ్మాయిని అడిగాను. "ఇది అక్టోబరులో మొదలుపెట్టిన దారి, అమ్మా! దూరం ఎక్కువే, కాని త్వరగా చేరతాం," అన్నది.

దూరం పెరిగితే కాలం ఎట్లా తగ్గుతుంది? ఈ లెక్క చూడండి. గ్లోబు మీద ఈ రెండు నగరాల మధ్య దారం బిగించి పట్టుకుంటే అది సైబీరియా మీదుగా, ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. ఆ దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. ఎత్తయిన పర్వతాలూ, దేశదేశాల అనుమతులూ అడ్డు గనక విమానాలు అంత నేరుగా పోవు. ఎయిర్ ఇండియా విమానం అంతకుముందు అట్లాంటిక్ సముద్రం మీదుగా పోయేది. అది సుమారు 13,900 కిలోమీటర్లు. పసిఫిక్ మీదుగా పోయే కొత్తదారి 15,300 కిలోమీటర్లు. అయినా ప్రయాణకాలం దాదాపు రెండు గంటలు తగ్గి, పధ్నాలుగున్నర గంటలయింది!

దీనికి కారణం గాలి. నేలకు సుమారు పది కిలోమీటర్ల ఎత్తున, పడమటి నుంచి తూర్పుకు గాలి ఏరులాగా ప్రవహిస్తుంది. దీన్ని జెట్ ప్రవాహం అంటారు. భూమధ్యరేఖ దగ్గరి వేడికీ, ధ్రువాల చలికీ గల తేడా వల్లా, భూభ్రమణం వల్లా ఇది పుడుతుంది. చలికాలంలో జపాను పైన దీని వేగం ఒక్కొక్కప్పుడు గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. గంటకు 900 కిలోమీటర్లు పోయే విమానానికి అంతటి గాలి వెన్నుదన్నయితే చెప్పాలా?

నేను ఆస్పత్రి చేరిన గంటకు మనవడు పుట్టాడు. పాతదారిన వచ్చివుంటే అప్పటికి నేనింకా దారిలోనే ఉండేదాన్ని.

వాడిప్పుడు బడికి పోతున్నాడు. "భూమి తిరుగుతున్నది గదా, అమ్మమ్మా! విమానం పైన ఊరికే ఆగితే చాలదా? మీ ఊరే కిందికి వస్తుంది," అంటాడు. రాదు. భూమితోపాటు దాని చుట్టూ ఉన్న గాలీ తిరుగుతుంది. కదిలే రైలులో బంతి పైకి ఎగరేస్తే అది మళ్ళీ మన చేతిలోనే గదా పడుతుంది!

ఇంకొక వింత చెబుతాను. 2017లో నా తిరుగు ప్రయాణం అట్లాంటిక్ మీదుగా జరిగింది. అప్పుడు కూడా విమానం గాలివాలున తూర్పుకే పోయింది. తూర్పుగా వెళ్ళి, వెనక్కు తిరగకుండానే, భూగోళమంతా చుట్టి ఇల్లు చేరాను!