గూడుబండి కట్టిన రోజు

రైసూత్ పేరు మన సభ్యుల్లో కొందరు సిమెంటు బస్తాల మీద చూసి ఉంటారు, కొందరు ఓడల వాళ్ల నోట విని ఉంటారు. ఒమన్ దేశానికి దక్షిణాన, సలాలా ఊరికి పడమరగా ఉన్న రేవు ఇది. 1998లో ఇక్కడ కంటెయినర్ల టెర్మినల్ మొదలైంది. 2018 మే 25న మెకును తుఫాను తీరం దాటింది కూడా ఈ రైసూత్ దగ్గరే. ఒకవైపు సముద్రం, ఒకవైపు కొండ, నడుమ లారీలు. మా కాపురం ఇక్కడ.

ఇక్కడివాళ్లు కూడా వానల కాలాన్ని ఖరీఫ్ అనే అంటారు. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా తుంపర, మంచు కమ్మి సలాలా కొండలు పచ్చబడతాయి. అప్పుడు గల్ఫ్ దేశాల నుంచి ఎన్నో కుటుంబాలు కార్ల వెనక కారవాన్లు తగిలించుకొని వచ్చి మకాం వేస్తాయి. ఏటా వాటిని చూసి మా పిల్లలు, "మనం ఎప్పుడు?" అనేవారు. కిందటి అక్టోబరులో ఆ ముచ్చట తీరింది. మా దగ్గర నాలుగు నెలలు ఉన్న నాన్న ఇండియాకు తిరుగు ప్రయాణమయ్యారు. విమానం మస్కట్ నుంచి. మస్కట్ ఇక్కడికి సుమారు 1,000 కి.మీ. ఒక మిత్రుడి కారవాన్ అరువు తెచ్చి, మూడు రోజులు ముందుగా బయలుదేరుదామనుకున్నాం.

నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది గూడుబండేరా" అన్నారు. నరసరావుపేట దగ్గర పల్లెటూరు మాది. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకు బండి కట్టుకొని వెళ్లిన తరం ఆయనది. బరువు ఎక్కడ పెట్టాలో నేను పుస్తకం చూసి చెబుతుంటే ఆయన చూడకుండానే చెప్పారు. బండి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేస్తుంది, ముందు ఎక్కువైతే మెడలు కాయలు కాస్తాయి. కారవాన్ సంగతీ అంతే. మొత్తం బరువులో సుమారు పదో వంతు కొక్కెం మీద పడేట్టు సర్దితే మంచిది. వెనక బరువెక్కువైతే వేగం అందుకోగానే తోక ఊపినట్టు ఊగుతుంది, అదుపు తప్పుతుంది. అందుకని బియ్యం, నీళ్ల డబ్బాలు ఇరుసు దగ్గరకు చేర్చాం.

ఒక్క విషయంలోనే ఆయనకూ నాకూ కుదరలేదు. లోపల మంచం ఉంది గదా, పడుకొని వస్తానన్నారు. కదిలే కారవాన్‌లో మనుషులు ఉండకూడదు, బెల్టులు ఉండవు, చిన్న కుదుపుకే ఎగిరి పడతారు అని చెప్పాను. "బండిలో పడుకోనివ్వని బండేమిటి?" అని గొణుగుతూనే కారులో కూర్చున్నారు.

తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాలి. కొక్కెం తగిలించాను. గొలుసులు, దీపాలు, బ్రేకు తీగ, చక్రాల గాలి, ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకొని టిక్కు పెట్టాను. వెనక దీపం ఒకటి వెలగలేదు. అది బాగయ్యేసరికి ఏడయింది. కాగితం మీద అన్నీ టిక్కులే. మనసుకు హాయిగా ఉంది.

సలాలా అంచు చుట్టి ఉత్తరానికి తిరిగితే దోఫార్ కొండల ఎక్కుడు. బరువుతో కారు మూలుగుతూ ఎక్కింది. కొండ దాటగానే పచ్చదనం కత్తితో కోసినట్టు ఆగిపోతుంది, ఎడారి మొదలవుతుంది. దారిలోనే వాదీ దౌకా అనే లోయ ఉంది. మనం సాంబ్రాణి ధూపం వేసినట్టు ఇక్కడివాళ్లు ఇంట్లో లుబాన్ పొగ వేసుకుంటారు. ఆ లుబాన్ చెట్లున్న ఈ లోయను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నాన్నకు చూపిద్దామని, "అటు చూడండి" అన్నాను. పలకలేదు. నిద్రపోతున్నారనుకున్నాను.

తుమ్రైత్ చేరబోతుండగా మా ఆవిడ వెనక నుంచి, "ఏమండీ, మామయ్యగారికి చెమటలు పోస్తున్నాయి" అంది. ఏసీ కారులో చెమటలు. మాట తడబడుతోంది. నన్ను మా పెదనాన్న పేరుతో పిలిచారు. అప్పుడు తట్టింది. ఆయన అలవాటు ప్రకారం అయిదున్నరకే ఇన్సులిన్ వేసుకున్నారు. ఇడ్లీల డబ్బా కారవాన్‌లో ఉంది. షుగరు చూసే మిషను కూడా అక్కడి అలమరలోనే. నేను దీపం బాగుచేసే హడావుడిలో ఉన్నానని ఆయన అడగలేదు.

బండి పక్కకు తీసి, తాళం తీసి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాను. మింగగలిగారు, అదృష్టం. మిషనులో 52 వచ్చింది. పదిహేను నిమిషాలకు 88. తరవాత ఇడ్లీలు తిన్నారు. రోజూ పేషెంట్లకు, "ఇన్సులిన్ వేసుకుంటే తిండి ఆలస్యం చేయొద్దు" అని చెప్పే డాక్టరును నేను. కాగితం మీద చక్రాల గాలి ఉంది, నాన్న టిఫిను లేదు.

తేరుకున్నాక ఆయన అన్న మొదటి మాట, "ఆలస్యమైందిరా, చీకటి పడ్డా హైమా చేరుకుందాం." హైమా దాదాపు సగం దారిలో ఉంది. తుమ్రైత్‌లో కదిలేసరికి పదకొండయింది. వెళితే చీకటి పడేది. మనవాళ్లకు రాత్రి ప్రయాణం చల్లగా ఉంటుందని ఇష్టం. కాని ఈ దారిలో రాత్రిపూట ఒంటెలు రోడ్డెక్కుతాయి. కారు కాళ్లకు తగిలితే ఆ శరీరమంతా అద్దం మీదా, పైకప్పు మీదా పడుతుంది. తలకూ మెడకూ అయ్యే ఆ దెబ్బలు నేను చూసినవే. ఈసారి ఆయన మాట వినలేదు.

ఈ సలాలా నుంచే 1930 డిసెంబరులో బెర్ట్రమ్ థామస్ అనే ఇంగ్లీషు ఆయన ఒంటెల మీద బయలుదేరి, రబ్ అల్ ఖాలీ ఎడారి దాటి 1931 ఫిబ్రవరిలో దోహా చేరాడు. ఆ ఎడారి దాటిన మొదటి యూరోపియన్ ఆయనే. దారి తెలిసినవాడు మాత్రం రషీదీ తెగకు చెందిన షేక్ సాలిహ్ బిన్ కలూత్. అలాంటి ప్రయాణంలో రోజుకు ఎంత దూరమన్నది నీళ్లూ ఒంటెల ఓపికా చెబుతాయి గాని పటం చెప్పదు. మా బండిలో బలహీనమైన ప్రాణి ఎవరో ఆ ఉదయం తెలిసింది గనుక, ఆయన ఓపికను బట్టే దూరం పెట్టుకున్నాం.

మధ్యాహ్నానికే ఖిత్‌బీత్‌లో ఆగాం. చుట్టూ బయలు, నడుమ నాలుగు చెట్లు. వలస పక్షులు దిగే చోటని పక్షులు చూసేవాళ్లకు బాగా తెలిసిన తావు. సాయంత్రం కారవాన్ నీడలో కుర్చీ వేసుకొని నాన్న వాటిని చూస్తూ, "వాటికీ దూరప్రయాణమే, ఆగాయి చూడు" అన్నారు. కోపం తగ్గిందని అర్థమైంది.

మూడో రోజు మస్కట్ చేరాం. విమానం అందింది.

మన సభ్యులెవరైనా ఇలా బయలుదేరితే నాదొక మనవి. ఇల్లు వెనక వస్తోందని ధీమా పడకండి. కదులుతున్నంతసేపూ ఆ ఇంటికి తాళం వేసి ఉంటుంది. మందులు, మిషను, పంచదార, నీళ్లు, తిండి మీతో కారులో ఉండాలి. ఇన్సులిన్‌ను ఆపిన కారులో ఎండకు వదలకండి. పెద్దవాళ్లు అడగరు, మనమే అడగాలి. నా కాగితంలో ఇప్పుడు మొదటి వరుసలో, కొక్కెం కంటే పైన, "నాన్న తిన్నారా?" అని రాసుకున్నాను.