పెద్ద కుమారుని కోపము

అభిమానము మంచిదే. కాని యది ముదిరి “ఇది నాది” యను పంతముగ మారినప్పుడు, మనుష్యుడు తానేమి పలుకుచున్నాడో తానే యెరుగడు. ఈ సంగతిని మేము గ్రంథములలో చదివి తెలిసికొనలేదు. ఒక సినిమా మూలమున సొంత తమ్మునితో కలహించి నేర్చుకొంటిమి. విద్యార్థులకు పనికివచ్చునేమో యని సిగ్గు విడిచి యిచట వ్రాయుచున్నాము.

1977వ సంవత్సరము మే నెలలో అమెరికా దేశమున జార్జి లూకస్ అను దర్శకుడు “స్టార్ వార్స్” అను చిత్రమును వెలువరించెను. ఎక్కడనో దూరపు నక్షత్రముల నడుమ నొక క్రూర సామ్రాజ్యము, దానిపై తిరుగబడిన కొలదిమంది, వారిలో లూక్ స్కైవాకర్ అను పల్లెటూరి పడుచువాడు — ఇదియే కథ. 1980, 1983 సంవత్సరములలో మరి రెండు భాగములు వచ్చెను. మా పండ్రెండవ యేట క్రిస్మసు సెలవులలో, తండ్రిగారు అద్దెకు తెచ్చిన వీడియో కేసెట్లలో ఈ మూడింటిని చూచితిమి. మాకును తమ్మునికిని అప్పటికి ఆంగ్లము అంతంతమాత్రమే. మాటలు తెలియకున్నను కథ తెలిసెను. మరునాటినుండి పెరటి వేపచెట్టు క్రింద పాత గొడుగు కఱ్ఱలే మాకు వెలుగు కత్తులు. లూక్ వేషము ఎప్పుడును మాదే. అది అన్నగారి హక్కు.

కాలము గడిచెను. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివి ఈ వృత్తిలో ప్రవేశించితిమి. తమ్ముడు ఉద్యోగార్థమై టెక్సాసు రాష్ట్రమునకు పోయెను. 2012లో డిస్నీ కంపెనీవారు లూకస్ స్థాపించిన సంస్థను నాలుగు వందల కోట్ల డాలర్లకు పైగా నిచ్చి కొనిరి. 2015 మొదలుకొని పాత కథకు కొత్త భాగములు రాసాగెను. 2017 డిసెంబరులో “ది లాస్ట్ జెడై” అను చిత్రము రాగా, దానిని చూచుటకే విజయవాడ పోతిమి. అందు మా లూక్ ముసలివాడై, మనస్సు విరిగి, సముద్ర మధ్యమున నొక దీవిలో దాగియుండెను. రే అను యువతి భక్తితో చేతికిచ్చిన కత్తిని భుజము మీదుగ వెనుకకు విసరివైచెను. మా బాల్యమునే విసరివైచినట్లు మాకు తోచెను.

అప్పటికి అమెరికా దేశము 2016 ఎన్నికల వేడినుండి చల్లారలేదు. ఆ చిత్రముపై వాదములు పార్టీల వాదములతో పెనగొనెను. స్త్రీలకును పలు జాతులవారికిని పెద్దపీట వేసి కథను చెరచిరని ఒకరు. చిత్రము నచ్చనివారందరు స్త్రీద్వేషులేయని మరియొకరు. ఆ నిప్పురవ్వలు సముద్రములు దాటి మా యింటను పడెను.

“మన లూక్‌ను పాడుచేసినారురా! మీ దేశపు రాజకీయములు తెచ్చి కథలో కూరినారు” అని ఫోనులో తమ్మునితో అంటిమి.

“అన్నయ్యా, నీకు గిట్టనిది ముసలి లూకా, కత్తి పట్టిన ఆడుపిల్లయా?” అని యతడడిగెను.

మాటకు మాట పెరిగెను. అతడు మెచ్చు పార్టీని మేము నిందించితిమి. మేము మెచ్చు నాయకులను అతడు నిందించెను. అంతటితో ఆగక, ఆ చిత్రమున రోజ్ అను పాత్ర ధరించిన కెల్లీ మేరీ ట్రాన్ అను నటిని ఎగతాళి చేయుచు ఎవరో కల్పించిన బొమ్మ మా ఫోనునకు రాగా, దానిని తమ్మునికి పంపితిమి. తరువాత ఆరు నెలలు మాటలు లేవు.

2018 జూను మాసమున ఆ నటి దూషణల తాకిడికి ఇన్‌స్టాగ్రామ్‌లోని తన వ్రాతలన్నిటిని తీసివేసెనని వార్త వచ్చెను. ఆగస్టులో “న్యూయార్క్ టైమ్స్” పత్రికలో ఆమెయే వ్రాయుచు, ఆ మాటలు వినగా వినగా తన విలువపై తనకే నమ్మకము సన్నగిల్లెనని తెలిపెను. ఈ రెంటి నడుమ నొకనాడు తమ్ముని కుమార్తె, ఎనిమిదేండ్ల బిడ్డ, మాకు ఫోను చేసెను. తండ్రి ఫోనులో మేము పంపిన బొమ్మను చూచినదట.

“పెదనాన్నా, ఆ అక్క మొగము నా మొగమువలెనే గుండ్రముగ నున్నది. నన్ను చూచినను నీవు నవ్వుదువా?” అని యడిగెను.

ఇరువది యేండ్లుగ తరగతిలో ప్రశ్నలడిగి పిల్లలను నిలువబెట్టిన మాకు ఆనాడు నోట మాట రాలేదు.

ఆ రాత్రి మా కోపమును మేమే పరీక్షించి చూచుకొంటిమి. రాజకీయములు కొత్తగ వచ్చి చేరెనన్న మాట నిజము కాదు. ఆ సామ్రాజ్యమును కల్పించునప్పుడు వియత్నాము యుద్ధమున తన దేశము చేసిన పని తన మనస్సున నున్నదని లూకస్ స్వయముగ చెప్పియున్నాడు. బాల్యమున మాకది కనబడలేదు, అంతియే. మేము నవ్విన ఆ నటియో, ఆ వియత్నామునుండియే శరణార్థులై వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ.

లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుని కథలో చిన్నవానిని గూర్చి ఎన్ని ప్రసంగములో వింటిమి. ఆనాడు మాకు పెద్దవాడు కనబడెను. ఇన్నియేండ్లు ఇంట నమ్మకముగ నున్నవాడను నేను, విందు మాత్రము ఇంకొకరికా యని అలిగి వాకిట నిలిచినవాడు. పాత కథను చిరకాలము ప్రేమించిన మాబోటివారి అలుకయు అట్టిదే. పాపము, అందును న్యాయము కొంత లేకపోలేదు. కథ బాగుగ చెప్పలేదనుటకు చూచినవానికి హక్కు కలదు. ఆ చిత్రము నేటికిని మాకు నచ్చదు. లూక్ పాత్రధారియైన మార్క్ హామిల్ సయితము ఆ కల్పనతో తాను ఏకీభవింపలేదని దర్శకునితోనే చెప్పెను. చెప్పిన పిమ్మట తన పని శ్రద్ధతో చేసెను. అభిప్రాయ భేదమనగా నట్లుండవలెను. కథను విడిచి మనుష్యుని మొగముమీదికి పోయిన క్షణముననే మనము త్రోవ తప్పుదుము.

మరునాడు తమ్మునికి క్షమాపణ చెప్పుకొంటిమి. ఆ బిడ్డకు వేరుగ చెప్పుకొంటిమి. 2019 క్రిస్మసునకు వారు వచ్చిరి. ఆ నెలలోనే వెలువడిన తరువాతి భాగమున రోజ్ పాత్రను నామమాత్రము చేసిరి. దానికి మా యింటిలో అందరికంటె ముందు కోపించినది ఆ బిడ్డయే. “కోపపడుము, కాని యెవరిని తిట్టకుము” అని చెప్పితిమి. “నీవలె గాదులే” అని నవ్వెను. అటుపై పెరటిలోనికి గొడుగు కఱ్ఱలు తెచ్చి లూక్ వేషము తనదే యనెను. మేము నల్ల దుప్పటి కప్పుకొని దుష్టుడైన డార్త్ వేడర్ వేషము వేసి ఓడిపోతిమి.

విద్యార్థులారా, సినిమాను గూర్చియైనను, ఆటను గూర్చియైనను, ఎన్నికలను గూర్చియైనను వాదింపుడు; కాని మీ మాటకు ఆవలనున్న మొగమును మరువకుడు. పెద్ద కుమారుడు తుదకు విందులోనికి పోయెనో లేదో ప్రభువు చెప్పలేదు. ఆ చివరి మాటను వాకిట నిలిచిన ప్రతివాడును తానే పూర్తిచేసికొనవలెను.