వృద్ధుడు - వృద్ధి

వృద్ధుడు, వృద్ధి అనే మాటలు ఒకే ధాతువునుండి పుట్టినవి. పెరిగినవాడే వృద్ధుడు. మా శ్రీనగర్ కాలనీలో సాయంకాలపు నడకకు వచ్చే మిత్రులు ఐపీఎల్‌లో పాతవారిని తీసివేయవలెనా అని వాదులాడుకొన్నప్పుడెల్ల నాకీ సంగతి స్ఫురిస్తుంది.

2016లో మన సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిపెట్టిన నాయకుడు డేవిడ్ వార్నర్. 2021లో తొలి ఆరు ఆటలలో ఐదు ఓడగానే, మే 1న నాయకత్వాన్ని కేన్ విలియమ్సన్‌కు అప్పగించారు. మరునాడు వార్నర్‌కు పదకొండుమందిలోనూ చోటు దక్కలేదు. సెప్టెంబరులో మళ్ళీ రెండు ఆటలు ఆడించారు. రెండింటా కలిపి వచ్చినవి రెండే పరుగులు. 27న అతని స్థానంలో దిగిన జేసన్ రాయ్ 60 పరుగులు చేశాడు, జట్టు గెలిచింది. అక్టోబరు 3న తొలి ఆట ఆడిన ఉమ్రాన్ మాలిక్, మరుసటి ఏడు 22 వికెట్లు తీశాడు. కనుక మార్పును నేను ఆక్షేపించను.

ఆక్షేపణ వేరొకటి. 27న వార్నర్‌ను మైదానానికే తీసుకొనిరాలేదు. కుర్రవారికి మైదానపు అనుభవం కలగాలన్నది శిక్షకుడు ట్రెవర్ బేలిస్ చెప్పిన కారణం. అయ్యా, పండినవాని పక్కన కూర్చోవడమే కదా కుర్రవానికి అసలైన అనుభవం! బడిలో చిన్న తరగతులవారు పెద్దవారిని చూచి నేర్చినంత, నేను చెప్పగా నేర్వలేదు.

ఆ సంవత్సరం మన జట్టు అట్టడుగున నిలిచింది. నవంబరులో ఆస్ట్రేలియా టి20 ప్రపంచకప్పు గెలిచింది, 289 పరుగులతో వార్నర్ ఆ పోటీలో ఉత్తమ క్రీడాకారుడయ్యాడు.

ఆటలో స్థానం కొత్తవానికి ఇవ్వండి. అరుగు మీద చోటు మాత్రం పాతవానికి ఉంచండి.